లచ్చమ్మ ముక్కు మీద పడ్డ నింద

మా లచ్చమ్మ పెద్దమ్మకు గుట్ట అంటే పిచ్చి. తొండుపల్లిలో ఆమె గడపలో నిలబడితే పొలాల అవతల బండరాళ్ల గుట్ట కనిపించేది. ఏడాది పొడుగునా నాట్లు, కలుపులు, కోతలతో ఒళ్లు హూనమయ్యే బతుకు. అయినా దసరా దాటి సీతాఫలాలు కండ్లు తెరిచి కోతకొచ్చాయంటే ఆమెను ఇంట్లో ఆపడం పెదనాయన శివయ్య తరం కాదు.

"గా గుట్టనే పెండ్లి చేసుకోకపోయినవా?" అని ఆయన గొణిగేవాడు.

"అడిగిన. అది ఒప్పుకోలే" అనేది ఆమె గంప ఎత్తుకుంటూ.

ఇది నిజాం పాలన చివరి ఏండ్ల ముచ్చట. ఇప్పుడు ఊరి మీదుగా పోయే విమానాల హోరు అప్పటికి ఇంకా ఆ పక్కకు రాలేదు. పొద్దున లేస్తే నెమళ్ల అరుపులే. సీతాఫలాల కాలంలో ఊరి ఆడవాళ్లు గుంపుగా గుట్టెక్కేవారు. పేరుకు పండ్ల కోసం. నిజానికి మొగవాళ్లు లేని చోట గొంతెత్తి నవ్వుకోవడానికి. రొట్టె, ఉల్లిగడ్డ, పచ్చికారం మూటగట్టుకుపోయి బండల నీడన తినేవారు. కుందేలు కనిపిస్తే కేకలు పెడుతూ వెంటపడేవారు, అది దొరకదని తెలిసి కూడా. నెమలీకల కోసం కొట్టుకునేవారు. అంత సంబరం ఏ జాతరలోనూ లేదని పెద్దమ్మ అంటుంటే నాకు కుళ్లుగా ఉండేది.

కోసిన కాయలను అక్కడే బండల సందుల్లో గడ్డి పరిచి మాగేసేవారు. ఇంటికి తెస్తే పండకముందే పిల్లలు పిసికి పాడుచేస్తారు మరి. మాగేసిన చోట ఎవరి గుర్తు వాళ్లు పెట్టుకునేవారు. అమృతమ్మది రాళ్ల దొంతర. లచ్చమ్మది ముడేసిన తంగేడు కొమ్మ. ఒకరి గుర్తును ఇంకొకరు ముట్టకూడదు. ముట్టిన మనిషి మళ్లీ కాపు వచ్చేదాకా గుట్ట ఎక్కకూడదు. ఈ కట్టుబాటుకు కావలి కౌసల్యమ్మ. గుంపులో అందరికన్నా పెద్దది, ఆమె ఒకటి అన్నదంటే ఇక అంతే.

ఆ ఏడు అమృతమ్మ మాగేసిన పండ్లు పోయాయి. ఆ తర్వాత ఇంకొకరివి పోయాయి. రెండుచోట్లా పండినవే మాయం, గట్టికాయలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. కోతులైతే అన్నీ కొరికి పారేసేవి. గుడ్డెలుగులేమో దొరల వేటలకు బెదిరి ఆ గుట్ట విడిచిపోయి ఏండ్లయింది. పండిన రోజే వచ్చి పండినవే ఏరుకుపోయిందంటే మనిషే అని తేల్చారు.

మరి పండిన సంగతి ఎవరికి తెలుస్తుంది? అందరి చూపూ లచ్చమ్మ ముక్కు మీద పడింది. ఆమె గాలికి ఎదురుగా నిలబడి ఫలానా సందులోవి పండాయి అంటే పండినట్టే. నిన్నటిదాకా ఆ ముక్కును పొగిడిన నోళ్లే ఇప్పుడు దాన్ని ఆడిపోసుకున్నాయి.

"నీ ముక్కుకు తప్ప ఎవ్వలికి తెలుస్తది లచ్చీ? ఇగ నువ్వు గుట్ట ఎక్కకు" అంది కౌసల్యమ్మ.

పెద్దమ్మకు ఏడుపూ కోపమూ కలిసే వచ్చాయి. దొంగ అన్నదానికన్నా గుట్ట ఎక్కొద్దన్నందుకే గుండె మండిందని ఆమే చెప్పేది.

"అత్తా, నేను ఎవ్వలియి ముట్టలే. నువ్వు మాగేసినయి రేపు పొద్దుగూకేటాళ్లకు పండుతయి. నన్ను నడుమ కూసోబెట్టుకొని అందరు కావలి ఉండుండ్రి. దొంగ రాకుంటే ఈ ఏడే కాదు, బతికినన్ని దినాలు గుట్ట మొకం చూడ."

"గంత మాట ఎందుకే?" అంది అమృతమ్మ భయపడి.

"అన్న. ఇగ అంతే."

మర్నాడు అందరూ కౌసల్యమ్మ పండ్లున్న సందుకు పైనున్న ఎత్తైన బండ మీద కూర్చున్నారు. గాలి తమవైపు వీచేలా పెద్దమ్మే చూసి కూర్చోబెట్టింది. పొద్దు వాలింది. కింద పండ్లు మాగిన వాసన అందరికీ తెలిసేంతగా వచ్చింది. దొంగ మాత్రం రాలేదు. పెద్దమ్మ రోషానికి పోయి ఎంత మాట అన్నానురా దేవుడా అనుకుంది. చుట్టూ ఉన్న గుట్టను ఇక చూడనేమో అన్నట్టు చూస్తూ కూర్చుంది.

"ఇగ లేవుండ్రి" అంటూ కౌసల్యమ్మ కొంగు దులుపుకుంది.

అంతలో కింద పొదలు కదిలాయి. నల్లటి గుడ్డెలుగు ఒకటి బయటికొచ్చింది. దాని వీపు మీద పిల్ల. మోయడానికి వీల్లేనంత పెద్దదయినా దిగనని మొండికేసి కూర్చుంది. తల్లి సందులో మూతి పెట్టి ఒక్కో కాయనూ వాసన చూసింది. పండినదాన్ని లాక్కుంది, గట్టిదాన్ని వదిలేసింది, అచ్చం సంతలో బేరమాడే ఆడమనిషిలా. పిల్ల మెడ మీదుగా వంగి తల్లి నోట్లోది గుంజుకోబోయి దబ్బున కిందపడింది. బండ మీద ఆడవాళ్లంతా కొంగులు నోట్లో కుక్కుకున్నారు. భయం ఒక పక్క, ఆగని నవ్వు ఒక పక్క. పెద్దమ్మ కళ్లవెంట నీళ్లు కారిపోతున్నాయి. జన్మలో అంత సంతోషం ఎరగనని ఆమె ఎన్నిసార్లు చెప్పిందో!

తల్లీపిల్లా కడుపునిండా తిని పోయేదాకా ఎవరూ కదల్లేదు. దారి పొడుగునా అందరూ లచ్చమ్మ చుట్టూ మూగి నవ్వుతూ దిగారు. కౌసల్యమ్మ ఒక్కతే వెనకబడి నడిచింది.

తెల్లారి గుంపు బయల్దేరింది. కౌసల్యమ్మ రాలేదు. పెద్దమ్మ నేరుగా ఆమె ఇంటికి పోయింది. ఆమె గడపలో కూర్చుని ఉంది.

"నిన్ను ఉత్తగనే దొంగను చేసిన బిడ్డా. ముట్టినోళ్లకే గుట్ట లేదంటే, గింత నింద ఏసినదానికి ఎట్లుంటది? మళ్ల కాపుదాంక నేను ఎక్క" అంది కౌసల్యమ్మ, తలెత్తకుండానే.

పెద్దమ్మ గోడకున్న గంప తీసి ఆమె నెత్తిన పెట్టింది.

"ముందుగాల పోయి గా గుడ్డెలుగుకు చెప్పు అత్తా, గుట్ట ఎక్కొద్దని. అది ఇన్నంక నువ్వు ఆగుదువు. నడు."

కౌసల్యమ్మ ముక్కు చీదుకుంటూ లేచింది.