పరశురాములు ముందే చెప్పాడు

మా పరశురాములుకు ఉన్న చెడ్డ అలవాటు ఒక్కటే. కొత్త సినిమా చివర ఏమవుతుందో, ఇంకా చూడని వాళ్లందరికీ చెప్పేస్తాడు. అడిగిన వాళ్లకు చెబుతాడు. అడగని వాళ్లకు ఇంకాస్త వివరంగా చెబుతాడు.

నల్లగొండలో మా గల్లీ మొదట్లోనే అతని మోటరు వైండింగ్ షాపు. చుట్టుపక్కల ఊళ్లలో బోరు మోటరు కాలిపోయిందంటే రైతులు దాన్ని ఆటోలో వేసుకొచ్చి అతని ముందే దించుతారు. చేతులు రాగి తీగ చుడుతూ ఉంటాయి, నోరు కథ విప్పుతూ ఉంటుంది. కరెంటు కొంచెం నిలకడగా రావడం మొదలయ్యాక మోటర్లు కాలడం తగ్గింది. ఊళ్లన్నీ సంతోషించాయి, మా గల్లీ తప్ప. పరశురాములుకు తీరిక దొరికింది మరి.

శుక్రవారం పొద్దున షట్టర్ దించి మొదటి ఆటకు పోతాడు. మేము మధ్యాహ్నం అన్నాలు తినే వేళకు హంతకుడెవరో గడియారం సెంటర్ దాకా తెలిసిపోతుంది. డిగ్రీ చదివే పిల్లలు బండి లేకపోయినా హెల్మెట్ పెట్టుకుని నడుస్తూ అతని షాపు దాటేవారు. నేను పాఠాలు చెప్పే బడి హెడ్మాస్టరు గారికి శుక్ర, శనివారాల్లో చెవుడు వచ్చేది. ఎవరు పలకరించినా చెవి దగ్గర చెయ్యి ఊపి సాగిపోయేవారు. సోమవారానికి మళ్లీ బాగా వినబడేది.

పరశురాములు కథంతా చెప్పడు. అంత ఓపిక అతనికీ లేదు, మనకూ లేదు. సరాసరి చావుల దగ్గరికి పోతాడు. ఎవరు పోతారు, ఎట్లా పోతారు, ఏ పాట అయ్యాక పోతారు. ఒకసారి నన్ను రోడ్డు మీద ఆపి, "రెండో పాట అయిపోతది సూడు మంజులక్కా, పచ్చ చీర కట్టుకొని వస్తది, ఇగ ఆమె పని ఖతం" అన్నాడు. కూరగాయల సంచి కింద పెట్టి నేను చెవులు మూసుకునేలోపే ఆమె పని ఖతమైంది. ఆ సినిమా చూసినంతసేపూ తెర మీద పచ్చరంగు ఎక్కడ కనబడినా, చివరికి వరిచేను కనబడినా, నా గుండె దడదడలాడింది.

కనగల్ దిక్కు నుంచి ఐలేశం అనే గొర్రెల పెంపకందారు ఒకసారి మోటరు తెచ్చాడు. ఊళ్లో కొత్త సినిమా ఆడుతున్న సంగతే ఆయనకు తెలియదు. పరశురాములు ఆయనను స్టూలు మీద కూర్చోబెట్టి, తెల్ల అంగీ వేసుకుని అందరికీ అన్నదానాలు చేసే పెద్దమనిషే అసలు హంతకుడని చెప్పాడు. ఐలేశం చాలాసేపు ఆలోచించాడు. అంత మంచివాడు ఎందుకు చంపుతాడని అడిగాడు. పరశురాములు చెప్పిన కారణం ఆయనకు నచ్చలేదు. సంగతి తేల్చుకోవడానికి మోటరు అక్కడే వదిలేసి మ్యాట్నీకి పోయాడు.

సాయంత్రం తిరిగొచ్చి, "నువ్వు చెప్పింది నిజమే. హాల్ల అందరు పరేషాన్ అయితుంటె నేనొక్కన్నే నిమ్మలంగ సూసిన" అని తృప్తిగా మోటరు ఎత్తుకుని పోయాడు. అప్పటి నుంచి మోటరు కాలకపోయినా షాపుకు వస్తూనే ఉన్నాడు. పరశురాములుకు దొరికిన ఏకైక అభిమాని ఆయనే.

థియేటర్ మేనేజరు భిక్షపతి మాత్రం తట్టుకోలేకపోయాడు. పెద్ద హీరో సినిమా విడుదలయ్యే ముందు షాపుకొచ్చి, కనీసం ఆదివారం దాకా నోరు విప్పొద్దని చేతులు పట్టుకున్నాడు. పరశురాములు మాటిచ్చాడు. మాట మీద నిలబడ్డాడు కూడా. శుక్రవారం మధ్యాహ్నం ఎవరో వచ్చి సినిమా ఎట్లా ఉందని అడిగితే నోరు విప్పలేదు. తలకు చుట్టుకున్న రుమాలు తీసి, సంతాప సభలో నిలబడ్డట్టు తల వంచుకుని నిలబడ్డాడు. హీరో పోతాడని అందరికీ అర్థమైంది. మరి హీరోయిన్ సంగతేమిటని అడిగారు. రుమాలు మళ్లీ తలకు చుట్టుకున్నాడు. ఆమె బతికిపోయింది.

శనివారం భిక్షపతి మళ్లీ వచ్చాడు. "ఇగ నోటితోనే చెప్పు తమ్మీ. నువ్వు సప్పుడు చేయకుంటెనే ఎక్కువ తెలుస్తాంది" అన్నాడు.

అతణ్ని ఓడించింది ఒక్క టీవీ సీరియలే. భార్య పుష్ప రోజూ చూసే సీరియల్ ముగింపు చెప్పేద్దామని అతనూ పక్కన కూర్చున్నాడు. అత్తగారు లోయలో పడి చచ్చిపోయిందని గల్లీ అంతా చెప్పి వచ్చాడు. వారం తిరక్కుండానే ఆమె పట్టుచీరలో గుడి మెట్లు దిగింది. మరిది పోయాడన్నాడు. మరిది వేరే ముఖంతో తిరిగొచ్చాడు. ఇట్లయితే మనిషి మాటకు విలువేముంటుందని పరశురాములు రెండు పూటలు అన్నం సరిగ్గా తినలేదు. ఆ ఇంట్లో తనకు మిగిలిన సస్పెన్స్ అదొక్కటేనని పుష్ప రిమోట్ ఎవరికీ ఇచ్చేది కాదు.

ఇంతగా నవ్వుకునే మేము ఒక సంవత్సరం నవ్వు తగ్గించాం. మా చెల్లెలు రమ భర్త బండి మీద వస్తుండగా హైదరాబాద్ రోడ్డు మీద లారీ గుద్ది పోయాడు. రమను నా దగ్గరికి తెచ్చుకున్నాను. పెళ్లికి ముందు ఆమెకు సినిమా అంటే ప్రాణం. పాట వినబడితే చేతిలో చీపురు ఉన్నా అడుగు కదిపే పిల్ల. అలాంటిది నా ఇంటికొచ్చాక వంటింట్లో తన పని తాను చేసుకుని, అడిగిన దానికి ఒక్క ముక్కలో జవాబు చెప్పి ఊరుకునేది. ఎవరింటికీ పోలేదు. టీవీ పెడితే లేచి లోపలికి వెళ్లిపోయేది.

ఏడాది దాటాక ఒక నవ్వుల సినిమా వచ్చింది. పోస్టర్ నిండా పళ్లే. ఇంటిల్లిపాదీ కడుపుబ్బ నవ్వుతారని ఆటోలో మైకు పెట్టి చెప్పారు. ఆదివారం దానికి పోదామని రమను అడిగాను. వద్దంటుందనుకున్నాను. చేతిలో ఉన్న గిన్నె తోమి బోర్లించి, సరే అంది. ఆ ఒక్క మాటకు నేను ఎంత సంబరపడ్డానో ఆమెకు కనబడకుండా పెరట్లోకి వెళ్లాల్సి వచ్చింది.

శుక్రవారం మధ్యాహ్నం పరశురాములు మా గేటు దగ్గర ప్రత్యక్షమయ్యాడు. ముఖం చూస్తేనే తెలిసింది, సినిమా చూసి వస్తున్నాడు. నేను గేటు గొళ్లెం తీయలేదు.

"అక్కా, కథ చెప్పనులే. జర ఒక్క ముక్క చెప్పి పోత."

"వద్దు తమ్మీ. ఏడాదికి అది బయట అడుగు పెడతాంది. నీకు దండం పెడ్త, చెడగొట్టకు."

అతను ఏదో అనబోయాడు. నేను లోపలికొచ్చి తలుపు వేసుకున్నాను. కిటికీలోంచి చూస్తే ఇంకా అక్కడే నిలబడి, మా గోడ వైపు, ఆ గోడ అవతలే పుష్ప బట్టలు ఆరేస్తున్న తన డాబా వైపు మార్చి మార్చి చూస్తున్నాడు. కాసేపటికి వెళ్లిపోయాడు. జీవితంలో మొదటిసారి పరశురాములు నోరు మూయించానని నాకు గర్వంగా అనిపించింది.

ఆదివారం మ్యాట్నీకి హాలు నిండిపోయింది. ముందు వరుసల్లో మా గల్లీ గుర్వమ్మ కనబడింది. అంత పెద్దావిడ కూడా వచ్చిందంటే సినిమా బాగుందన్నమాటే అనుకున్నాను. బాగానే ఉంది. ఇంటర్వెల్ లోపల రమ రెండు సార్లు నవ్వింది. నేను తెర చూడటం మానేసి ఆమెనే చూస్తున్నాను.

ఇంటర్వెల్ అయ్యాక పెళ్లి పాట వచ్చింది. పాట అవగానే రమ లేచింది. బయటికి పోయొస్తానంది. తోడు రమ్మంటావా అని అడిగితే అక్కర్లేదంది. వాంతి వస్తున్నదో, ఏడుపు వస్తున్నదో తెలియక నేను సీటు అంచున కూర్చున్నాను. అంతలో ముందు వరుసలో గుర్వమ్మ లేచింది. ఆ చివర చిన్నపిల్లను ఎత్తుకున్న ఒకాయన లేచాడు. ఇంకెవరో ఇద్దరు అక్కాచెల్లెళ్లు లేచారు. అందరూ తలుపు వైపే పోతున్నారు. ఇదేమిటని నేను చూస్తుండగానే తెర మీద పెళ్లికొడుకు తండ్రి బండి తీశాడు. ఎదురుగా లారీ హెడ్‌లైట్లు వెలిగాయి.

నేను ఎవరి కాళ్లు తొక్కానో తెలియకుండా బయటికి పరుగెత్తాను.

క్యాంటీన్ దగ్గర పరశురాములు నిలబడి ఉన్నాడు. చుట్టూ హాల్లోంచి లేచొచ్చిన వాళ్లంతా ఉన్నారు. ఒక్కొక్కరి చేతిలో ఒక సమోసా. భిక్షపతి హాలు తలుపుకు వీపు ఆనించి, లోపలి చప్పుడు బయటికి రాకుండా తలుపును గట్టిగా నొక్కిపట్టి ఉన్నాడు. రమ గుర్వమ్మ పక్కన నిలబడి, ఇప్పుడు లోపల ఏమవుతున్నదని పరశురాములును అడిగింది.

అతను చాలా గంభీరంగా, "లారీ ఖరాబైంది చెల్లె" అన్నాడు. "డ్రైవర్ దిగి బానెట్ లేపి సూస్తాండు. ముసలాయన బండి పక్కకు పెట్టి టార్చి పట్టిండు. డ్రైవర్ చాయ్ తాపిస్త అంటాండు. గీయన షుగర్ ఉంది, వద్దంటాండు."

గుర్వమ్మకు నవ్వొచ్చింది. చక్కెర లేకుండా తాగొచ్చు కదా అంది. అదే డ్రైవరూ అంటున్నాడని పరశురాములు చెప్పాడు. రమ సమోసా పట్టుకున్న చేత్తోనే నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

గుంపులో ఐలేశం కూడా ఉన్నాడు. ఆయనకు ఏ కష్టం వచ్చిందోనని భయపడుతూ అడిగాను. ఆయనకేమీ కాలేదట. లోపలి కథ కంటే పరశురాములు బయట చెప్పేది బాగుంటుందని ప్రతి సినిమాకూ ఈ వేళకు లేచొస్తాడట.

నేను రమను పక్కకు పిలిచి, నీకెట్లా తెలుసని అడిగాను. శుక్రవారం సాయంత్రమే పుష్ప గోడ మీంచి చెప్పిందట, పెళ్లి పాట కాగానే లేవమని, బయట పరశురాములన్న ఉంటాడని. నాకెందుకు చెప్పలేదంటే, "చెప్తే నువ్వు సినిమానే వద్దంటవు అక్కా. నాకు సూడాలని ఉండె" అంది.

అప్పుడు పరశురాములు దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. నేను అడగకముందే అతనే చెప్పాడు. అతని తమ్ముడు చిన్నప్పుడు కాలువలో పడి చనిపోయాడట. కొన్నాళ్లకు తల్లి గోపమ్మను మరిపించడానికి సినిమాకు తీసుకుపోతే, తెర మీద ఒక పిల్లవాడు నీళ్లలో పడ్డాడట. ఆమె అక్కడి నుంచి లేవలేక, చూడలేక నలిగిపోయింది. మళ్లీ హాలు గడప తొక్కలేదు. తర్వాత పరశురాములు ప్రతి సినిమా ముందు చూసొచ్చి, ఇందులో నీళ్లు లేవమ్మా అని చెప్పి ఆమెను మళ్లీ తీసుకుపోవడం మొదలుపెట్టాడు. ఆమె పోయేదాకా సినిమాలు చూసిందట, నవ్వుతూ.

"మరి మా అందరికి ఎందుకు చెప్తవు తమ్మీ, ఇన్ని తిట్లు తినుకుంట?"

"ఎవరింట్ల ఏం జరిగిందో నాకేం ఎర్క అక్కా? అందుకే అందరికి చెప్త. అక్కర లేనోల్లు తిడ్తరు. తిట్టనియ్."

భిక్షపతి తలుపు కొంచెం తీసి చెవి పెట్టాడు. లోపల జనం నవ్వుతున్నారు. పరశురాములు చేతులు దులుపుకుని, గండం దాటిందని, ఇక అంతా నవ్వుడేనని అందరినీ లోపలికి తోలాడు. పనిలో పనిగా, నగలు దొంగిలించింది పెళ్లికూతురు బావేనని నా చెవిలో చెప్పాడు.

ఆ వారమంతా రమ ఇంట్లో కొంచెం కొంచెంగా మాట్లాడింది. తర్వాతి శుక్రవారం పరశురాములు షాపులో మోటర్లు కుప్పపడ్డాయి. ఎక్కడో లైన్ మీద లోపం వచ్చి ఒక ఊరి మోటర్లన్నీ ఒకేసారి కాలాయి. రైతులు షాపు ముందే కూర్చున్నారు, అతనికి కదిలే వీలు లేదు. మొదటి ఆటకు ఎవరు పోవాలని తీగ చుడుతూనే దిగులు పడుతున్నాడని పుష్ప వచ్చి చెప్పింది. రమ చీర మార్చుకుని, పుష్పను వెంటబెట్టుకుని తానే వెళ్లింది.

మధ్యాహ్నం ఎండలో తిరిగొచ్చింది. ముందు షాపు దగ్గర ఆగి పరశురాములుకు అంతా అప్పగించి, తర్వాత ఇంటికొచ్చింది. నేను పప్పుకు తాలింపు పెడుతున్నాను. ఆ సినిమా కోసం నెల రోజుల నుంచి ఎదురుచూస్తున్నదాన్ని, ఆదివారానికి టికెట్లు కూడా తీసుకోవాలనుకున్నదాన్ని. రమ చెప్పులు విడుస్తూనే, "అక్కా, చివరికి గా డాక్టరమ్మ ఎవరిని చేసుకుంటదో ఎర్కేనా" అని మొదలుపెట్టింది.

నేను స్టవ్ ఆపి, పీట వేసుకుని కూర్చున్నాను. ఎవరిని చేసుకుంటుందని అడిగాను.