నెలకో పుస్తకం, ఏడాదికి రెండు

చదివి చదివి అట్ట ఊడిపోయిన పుస్తకం మీ ఇంట్లో ఒక్కటైనా ఉందా?

ఈ సాయంత్రం కాశీబుగ్గలో మా ఇంటి అరుగు మీద మా అమ్మాయి, నా మేనల్లుడు, వాళ్ల స్నేహితులు ఆటకు కూర్చున్నారు. పాచికలు వేస్తూ, తలా ఒక పాత్రగా మాట్లాడుతూ కథ నడిపే ఆట అది. దాని నియమాలు, కథలు పుస్తకాలుగా వస్తాయి. నడిపేది మా అమ్మాయే. ఇంతలో మేనల్లుడు ఆట వదిలి వెళ్లిపోబోయాడు.

"పాత ఎడిషన్‌కి నెలకో పుస్తకం వచ్చీది. కొత్తదానికి ఏడాదికి రెండే. నాను మానేత్తన్నాను."

"ఆ పాతవాట్లో నువ్వు సదివినవెన్ని బావా, సెప్పు?" అంది మా అమ్మాయి.

వాడు తలుపులోంచి కనిపించే అలమర వైపు చూశాడు. పాత ఎడిషన్ పుస్తకాల వరస నలగకుండా మెరుస్తోంది. అరుగు మీదున్న కొత్త పుస్తకం మాత్రం అట్ట ఊడి, టేపుతో నిలబడింది. నేను ప్రసంగాలకు వెంట తీసుకెళ్లే గ్రంథాన్ని సంచిలోంచి తీసి దాని పక్కన పెట్టాను. రెండూ ఒకే తీరున నలిగాయి.

"దీనికి కొత్త ఎడిషనే రాలేదురా. ఇరవై ఏళ్లుగా చెబుతున్నా, నాకు మాట కరువు కాలేదు" అన్నాను.

"అందుకే నీ పెసంగం ఓ పట్టాన అవ్వదు మావా" అంటూ వాడు మళ్లీ కూర్చున్నాడు.

నేను ఊరూరా తిరిగి చెప్పేది నా కూతురు ఒక్క ప్రశ్నలో చెప్పింది. గర్వంగా ఉంది, దాచుకోను. నా ప్రసంగాల మీద మీ ఫిర్యాదులుంటే కింద రాయండి. ముందు మాత్రం లేవండి. మీ ఇంట్లో నలగని పుస్తకం ఒకటి, ఈ రోజే, అన్నానికి కూర్చోకముందే తెరవండి.