నీళ్ళలో కలిపిన కాగితాలు

మా ఇంటి ఓనరు ఆంటీ గత బుధవారం ఉదయం రాతబల్ల దగ్గరే కన్నుమూశారు. నేను టీ తీసుకుని పైకి వెళ్ళేసరికి తల బల్ల మీద వాల్చి ఉన్నారు. జపాన్‌లో ఆమె పేరున్న నవలా రచయిత్రి. జపాన్‌కి ఇంత దూరాన, ఈ ఒషావా ఊళ్ళో మా వీధివాళ్ళకు మాత్రం ఆ సంగతి తెలియదు. అందుకే, ఏడో తరగతితో బడి మానేసిన నేను ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా ఆయన చదువు కోసం ఈ ఊరు వచ్చాం. కాలేజీల నిండా మన పిల్లలే, ఒక్కో ఇంట్లో పది మంది సర్దుకుంటున్న రోజులు. ఆంటీ తన బేస్‌మెంట్ మాకిచ్చారు. పొద్దున ఆమెకు వంటా ఇల్లూ చూసుకునేదాన్ని. మధ్యాహ్నం గోదాములో పెట్టెలకు టేపు వేసేదాన్ని. నాది ఏడో తరగతి ఇంగ్లీషు, ఆమెది ఫ్యాక్టరీలో నేర్చుకున్న ఇంగ్లీషు. రెండింటికీ బాగానే కుదిరింది.

పెళ్ళయి ఈ దేశం వచ్చేనాటికి ఆంటీకి ఇరవై రెండేళ్ళట. భర్తకు కార్ల ఫ్యాక్టరీలో పని, ఆమెకు బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో. ఆయన డ్యూటీకి వెళ్ళాక, కూతురు లేచేలోపు వంటింట్లో కూర్చుని రాసుకునేవారు. మొదటి నవల మూడుసార్లు తిరిగొచ్చింది. నాలుగోసారి అచ్చయింది. ఆ తర్వాత మరో పదకొండు. అన్నీ పనికి పోయే ఆడవాళ్ళ కథలేనని చెప్పారు. "ఒళ్ళు అలవకుండా వచ్చిన పేజీని నేను నమ్మను" అనేవారు. గోదాము నుంచి వచ్చి కాళ్ళు చాపుకున్నప్పుడల్లా ఆ మాట గుర్తొచ్చేది.

గళ్ళ కాగితం మీద సిరా పెన్నుతో పైనుంచి కిందికి రాసేవారు. నచ్చిన పేజీ బల్ల మీద కుడిపక్కన పెట్టేవారు. నచ్చనిది నేల మీదికి వదిలేసేవారు. కింద పడినవి నేను చెత్తలో వేయాలి. తను వద్దనుకున్న ఒక్క మాట కూడా ఎవరి కంటా పడకూడదు. ఆమె నన్ను గట్టిగా కోరింది అదొక్కటే.

నాకేమో కాగితం కాలికి తగిలితే కళ్ళకద్దుకోవడం అలవాటు. చెత్తలో ఎలా వేస్తాను? సూట్‌కేసులో దాచాను.

"ఏందే, జపాన్ సరస్వతికి గుడి కడుతున్నవా?" అని మా ఆయన నవ్వాడు.

ఒకరోజు ఆంటీ వాషింగ్ మెషీన్ కోసం కిందికి దిగి, తెరిచి ఉన్న సూట్‌కేసు చూశారు.

"నేను పారేసినవి ఎవరి కోసం దాచావు?"

తలెత్తలేకపోయాను. "చెత్తలో వేయలేను ఆంటీ. చదువు కదా. మా దగ్గరైతే నీళ్ళలో కలుపుతాం."

ఆమె వంగి ఒక కాగితం తీసి చూశారు. తర్వాత, "అయితే బకెట్ తే" అన్నారు.

అప్పటినుంచి ప్రతి శుక్రవారం ఆ కాగితాలు బకెట్‌లో వేసేవాళ్ళం. నీలం సిరా పొగలా విడిపోయేది. ఆంటీ స్టూలు మీద కూర్చుని చూసేవారు. "వారం పని. ఎంత తొందరగా కరిగిపోతుందో చూడు" అనేవారు. ఆ గొంతులో బాధ ఉండేది కాదు, అలసటే ఉండేది.

బుధవారం అంబులెన్స్ వెళ్ళిపోయాక బల్ల కింద ఒక పేజీ కనిపించింది. సగమే రాసి ఉంది. వద్దనుకుని వదిలారో, చెయ్యి సడలి జారిందో. రెండు రోజులు దాన్ని పట్టుకుని తిరిగాను. శుక్రవారం బకెట్ నింపి కూడా వేయలేకపోయాను.

శనివారం వానలో రిచ్‌మండ్ హిల్ నుంచి ఆమె కూతురు వచ్చింది. "అమ్మ చివరగా రాసిందేమైనా ఉందా?" అని అడిగింది. పేజీ చూపించి, ఆంటీ పెట్టిన నియమమంతా చెప్పాను.

"జారిపడిందా, పారేసిందా?"

"తెలియదండీ."

ఆమె నేల మీదే కూర్చుంది. "నాకు జపనీస్ చదవడం రాదు. నేర్పిస్తానంటే పారిపోయేదాన్ని. చదవలేనిదాని కంట పడితే, పడినట్టేనా?"

రెండు చేతులతో ఆ కాగితం ఇచ్చాను. ఆంటీ మాట దాటానో లేదో ఇప్పటికీ తెలియదు.

చాలాసేపటికి పై కిటికీలోంచి చూస్తే ఆమె కారు ఇంకా వాకిట్లోనే ఉంది. లోపల ఆమె కాగితాన్ని స్టీరింగుకు ఆనించి, ఒక్కో గడి మీదా వేలు పెడుతూ, పైనుంచి కిందికి మెల్లగా వస్తోంది. బయట వాన ఆగినా వైపర్లు తిరుగుతూనే ఉన్నాయి.