మాడ్చిన మట్టిలో నేను పోసిన ప్రాణం

వినోద్ మాడ్చిన మట్టి గొట్టంలో పులిసిన ఇడ్లీ పిండి తేట పోసింది నేనే. ఇన్నేళ్లుగా నాలుక కింద దాచుకున్న మాట. మీతో కాబట్టి అంటున్నాను.

తెల్లారేసరికి ఆ గొట్టానికి తగిలించిన సీసాలోని సున్నపు తేట పాలలా తెల్లబడింది. పరీక్ష చూడ్డానికి హైదరాబాదు నుంచి వచ్చిన శాస్త్రవేత్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

వినోద్ బాన్సువాడలో జూనియర్ కాలేజీ లెక్చరర్. అంగారకుడి మీద ప్రాణాన్ని వెతికే యాత్రకు నమూనా తయారుచేశాడు. రెండు గొట్టాల్లో మట్టి, రెండింటికీ చక్కెర నీళ్లు. మామూలు మట్టిలో సూక్ష్మజీవులుంటే అవి చక్కెర తిని వదిలే గాలికి సున్నపు తేట తెల్లబడుతుంది. మాడ్చి చంపిన మట్టి దగ్గర తెల్లబడకూడదు. తెల్లబడిందా, యంత్రం అబద్ధమాడుతున్నట్టే. ఎంపికైతే అతని డిజైన్ బెంగళూరు అంతరిక్ష కేంద్రానికి వెళ్లేది.

నాకెందుకంత పగ? నేను పత్రికా విలేకరిని. ఒకసారి అతని తండ్రి ట్రాక్టర్ మీది నుంచి పడితే, దవాఖానకు పోయి చూడకుండా, ఎవరో చెప్పింది పట్టుకుని చనిపోయాడని రాశాను. పిట్లం నుంచి చుట్టాలు ఏడ్చుకుంటూ వచ్చేసరికి ముసలాయన మంచం మీద చాయ్ తాగుతున్నాడు. సవరణ వేయించాను. అయినా బస్టాండ్ దగ్గరి హోటల్లో, జనం నిండుగా ఉండగా, వినోద్ నా ముందు చేయి చాపాడు.

"అన్నా, జర నాడి చూడు. నేను బతికే ఉన్ననా?"

"తప్పయిందని చెప్పిన కద తమ్మీ."

"ఫికర్ చెయ్యకు. మార్స్ మీదికి నిన్నే తోలుతం. ఆడ ఎట్లా ఎవ్వడు లేడు, ఇగ ఎవర్ని సంపుతవ్?"

హోటలంతా నవ్వింది. ఆ తర్వాత కూరగాయలమ్మే అవ్వ కూడా నన్ను చూస్తే నాడి చూడమని చేయి చాపేది.

పిండి ఆ హోటల్ నుంచే తెచ్చాను. కావాలనే. పరీక్షకు ముందురోజు సాయంత్రం, "మూత తియ్యి తమ్మీ, ఫోటోల మట్టి కనబడాలె" అన్నాను. పేపర్లో ఫోటో అంటే మా దగ్గర ఎవరైనా కరుగుతారు. మూత తీసి, ఇస్త్రీ చొక్కా వేసుకొస్తానని పక్క గదిలోకి వెళ్లాడు. నాకంతే చాలు. బతికున్నవాణ్ని చంపానన్నావు కదా, ఇదిగో, చచ్చినదాన్ని బతికించాను. మర్నాడు శీర్షిక కూడా నేనే పెట్టాను: 'లేని ప్రాణాన్ని పట్టిన యంత్రం'.

అతను నన్ను అనుమానించలేదు. "ఫోటో సోకుకు మూత తీసిన అన్నా, గాలిలకెల్లి ఏదో పడ్డది. తప్పు నాదే" అన్నాడు. నేను భుజం తట్టాను. పోసిన దానికంటే ఆ తట్టడమే పెద్ద నేరమేమో! పశ్చాత్తాపమా? ఉంది, కానీ ఆ తెల్లబడ్డ నీళ్లు గుర్తొస్తే ఇప్పటికీ ఒక తీపి ఊరుతుంది, దాన్ని ఉమ్మేయడం నాకు చేతకావడం లేదు. ఇదంతా రాశాక మాత్రం గుండె కాస్త తేలికైంది.

మొన్న వినోద్ ఫోన్ చేశాడు. కొత్త నమూనా సిద్ధమట, ఫోటోకు నన్నే రమ్మన్నాడు. "గీసారి మూత మాత్రం తియ్య అన్నా" అని నవ్వాడు. వస్తానో రానో నేనింకా చెప్పలేదు.