శెట్టిగారి బోణీ

మా ఇంట్లో కొట్టే సీకాయపొడికి కొత్త అంగళ్ళు వెతుక్కుంటూ ఈ రోజు పొద్దున్నే ట్రాం ఎక్కి వాషర్‌మెన్‌పేటకు పోయినాను. మొదటి అంగట్లో శెట్టిగారు నా సంచి చూడగానే చెయ్యి అడ్డం పెట్టినారు.

“బోణీ కూడా కాలేదు, అప్పుడే అమ్మేదానికి వచ్చినావా? అందులో ఆడమనిషివి. ఈడ నిలబడొద్దు, సాయంత్రం రామ్మా.”

నాకు ఒళ్ళు మండింది. సంచి కింద పెట్టి, ఆయన దగ్గరే ఒక కొబ్బరికాయ కొన్నాను. నేనిచ్చిన డబ్బు కళ్ళకద్దుకుని గల్లాపెట్టెలో వేసుకున్నారు.

“మీరు కళ్ళకద్దుకున్న బోణీ ఆడమనిషిదే శెట్టిగారూ. ఇప్పుడు నా సరుకు చూడండి” అన్నాను.

శెట్టిగారు నా సంచిలోంచి ఒక పొట్లం తీసి, విప్పి వాసన చూసినారు. తీసుకునేదీ లేనిదీ రేపు చెప్తారంట. రేపూ పొద్దున్నే పోతాను, బోణీ కాకముందే. మీరైతే సాయంత్రందాకా ఆగుతారా?