మామ వాయించని పాట

మా మేనమామ కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ప్రార్థనలో కూర్చున్నా ఆయన ఎడమచేతి వేళ్లు మోకాలి మీద లేని గిటారు తీగలు నొక్కుతూ ఉండేవి. బాప్తిస్మం రోజున, ఇక లోకపు పాటలు వాయించనని సంఘం ముందు మాట ఇచ్చాడు.

తొంభైల చివర్లో ఆయన ఒకప్పుడు గిటారు వాయించిన రాక్ బ్యాండు విరుదునగర్‌లో ఒక చిన్న హాలుకు వచ్చింది. నన్ను తోడు తీసుకెళ్లాడు. తల నెరిసిన గాయకుడు ఆయన్ని గుర్తుపట్టి, "అణ్ణే, మేలే వాంగ!" అని పైకి రమ్మంటూ వేదిక మీద నుంచి గిటారు చాపాడు.

నేను సంఘంలో వాక్యం చెప్పేవాణ్ని. మామ నన్నే అడిగాడు. "ఒక్క పాటకే దేవుడు కోపిస్తాడారా?"

"సభ ముందర మాటిచ్చినావే, మామా."

ఆయన కూర్చునే విన్నాడు. తిరుగు బస్సు సాత్తూరు దాటాక అన్నాడు: "కడాకు పాడినారే, ఆ ఆఖరి పాట నేను కట్టినదేరా."