వెనక ఎడమవైపు తగ్గిన శబ్దం

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇది రాస్తున్న ఇవాళ కూడా లేదు. సికింద్రాబాద్‌లో ఒక గది ఖాళీ అయితే మధ్యాహ్నానికల్లా ముగ్గురు బ్రోకర్లు తాళంచెవులతో దిగుతారు. ఒక ఆత్మ తీరిగ్గా కాపురం పెట్టడానికి ఇక్కడ వ్యవధి ఎక్కడుంది?

పైగా నా ఉద్యోగం అలాంటిది. ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తాను. కొలిచే పరికరాలు సరిగ్గా కొలుస్తున్నాయో లేదో కొలిచి చూడటం నా పని. వినడానికి ఎంత విసుగ్గా ఉందో చేయడానికీ అంతే. పెళ్లిచూపుల్లో ఈ ముక్క చెప్పగానే అమ్మాయి తండ్రి టీ చల్లారిపోతోందని గుర్తుచేస్తాడు.

ఇది చెప్పింది నా గొప్ప కోసం కాదు. కింద రాసేదంతా కొలతల వ్యవహారం. కొలత తప్పయితే ముందు పట్టుకోవాల్సినవాణ్ణి నేనే.

నిరుడు మా మామ తన కారు నాకిచ్చేశాడు. మామ అంటే అమ్మకు అన్న. బళ్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. బోయిగూడలో మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఉంటాడు. అత్తమ్మకు రెండేళ్లపాటు డయాలిసిస్ జరిగింది. వారానికి మూడుసార్లు ఆ కారులోనే ఆసుపత్రికి తీసుకెళ్లి తీసుకొచ్చేవాడు. ఆమె పోయిన ఎనిమిదో నెలలో తాళాలు తెచ్చి మా టీవీ మీద పెట్టి, తనకింక ఎక్కడికీ పోయేది లేదన్నాడు.

కారు చేతికొచ్చిన వారానికే నేను ప్లాన్ గీయడం మొదలుపెట్టాను. కాలేజీ రోజుల నుంచీ నాకున్న ఏకైక ఆశయం అది. వెనక సీటు మొత్తం పీకేసి, ఆ జాగాలో ప్లైవుడ్ పెట్టె, అందులో పాటలు దద్దరిల్లేలా పన్నెండంగుళాల ఊఫర్లు రెండు, వాటి పక్కన యాంప్లిఫయర్లు. మరి మనుషులెక్కడ కూర్చుంటారని అమ్మ అడిగింది. నాకున్నది ఇద్దరు స్నేహితులు. ఒకడు ముందు కూర్చుంటాడు, రెండోవాడికి బైకుంది.

మామకు మాత్రం చెప్పలేదు. చెబితే వద్దంటాడని కాదు. అనడు. నీ బండి, నీ ఇష్టం అంటాడు. ఆ తర్వాత ఆదివారం భోజనానికి మా ఇంటికి రావడం మానేస్తాడు. మామ తరహా అది. కోపం చూపించడు, హాజరు తగ్గిస్తాడు. అత్తమ్మ పోయాక ఆయన కడుపునిండా తినేదీ, నాలుగు మాటలు మాట్లాడేదీ ఆ ఒక్క పూటే. దాన్ని ఒక ఊఫర్ కోసం పోగొట్టానంటే అమ్మ నన్నూ ఊఫర్‌నూ కలిపి బయట పెడుతుంది.

అందుకని పని పూర్తయ్యాక చెబుదామనుకున్నాను. పిరికివాళ్లందరూ వేసుకునే పథకమే.

రెజిమెంటల్ బజార్ సందులో ఖలీల్ భాయ్ వర్క్‌షాప్ ఉంది. కార్లలో పాటల సెట్లు బిగించడంలో ఆయనకు పాతికేళ్ల అనుభవం. ఆయన పద్ధతి ఆయనది. సీటు తీసిన వెంటనే చెక్క కోయడు. ముందు ఖాళీ కారులో శబ్దం కొలుస్తాడు, తర్వాత అట్టతో పెట్టె నమూనా చేస్తాడు, ఆ తర్వాతే రంపం. కొలత కూడా శుక్రవారం మధ్యాహ్నమే. నమాజ్‌కు పోయివచ్చాక, చుట్టుపక్కల షట్టర్లు మళ్లీ లేచేలోపు ఆ సందు ఒక అరగంట నోరు మూసుకుంటుంది. రెజిమెంటల్ బజార్‌లో నిశ్శబ్దం వారానికి అంతే దొరుకుతుంది.

కొలవడం తేలికే. కారు ముందు స్పీకర్లలోంచి వాన హోరులాంటి శబ్దం వదులుతారు. లోపల ఒక్కో చోట, కూర్చున్న మనిషి చెవి ఎత్తులో మైకు పెడతారు. తలుపులన్నీ మూసి, అందరూ బయట నిలబడతారు. ల్యాప్‌టాప్‌లో ఒక్కో చోటికి ఒక్కో గీత వస్తుంది. లోపల ఎవరూ ఉండకూడదు, ఎందుకంటే మనిషి ఒళ్లు శబ్దాన్ని తినేస్తుంది. కారు లోపల మనిషికీ దూది బొంతకూ తేడా లేదని ఖలీల్ భాయ్ అంటాడు. గీత చివర్లో ఎక్కడ వంగిందో చూసి ఎవరు ఎక్కడ కూర్చున్నారో చెప్పేస్తాడు.

మొదటి శుక్రవారం సీటు పీకి గోడకు ఆనించాం. నాలుగు చోట్లా కొలిచాం. ముందు రెండూ బాగున్నాయి. వెనక కుడివైపు బాగుంది. వెనక ఎడమవైపు గీత చూస్తూ, ఖలీల్ భాయ్ తల ఎత్తకుండానే అన్నాడు.

"వెనక కూసున్నాయనను జెర దిగమను."

నేను ఆయన పక్కనే నిలబడి ఉన్నాను. షాపులో మూడోమనిషి లేడు. ఆ సంగతే చెప్పాను. ఆయన వెళ్లి కారులోకి తొంగిచూసి, ఇనుప నేల తప్ప ఏమీ లేకపోవడంతో తిరిగొచ్చాడు. తీసేసిన తివాచీ కింది పాత ఫెల్టు గుడ్డ నేలకు అంటుకుని ఎక్కడో మిగిలిపోయిందని తేల్చి, ఆ వారమంతా దాన్ని గీకించాడు.

రెండో శుక్రవారానికి కారు లోపల గీకడానికి ఇంకేమీ మిగల్లేదు. గీత మళ్లీ అక్కడే, అంతే వంగింది.

ఇది నా రంగం కాబట్టి నేను దిగాను. ఆఫీసు నుంచి సరిచూసిన మైకు ఒకటి ఆ రోజు వెంట తెచ్చాను (మేనేజర్‌ను అడిగే తెచ్చాను, ఎందుకైనా మంచిదని చెబుతున్నాను). గీత మారలేదు. స్పీకర్ వైర్లు కుడివి ఎడమకు, ఎడమవి కుడికి మార్చాం. మారలేదు. బయటి గోడ వల్లేమోనని కారును వెనక్కి తిప్పి పెట్టాం. అదే ఎడమవైపు, అంతే తరుగు.

చివరికి నేను లోపల ప్లాస్టిక్ స్టూలు వేసుకుని వెనక కుడివైపు కూర్చున్నాను. ఖలీల్ భాయ్ బయటి నుంచి కొలిచాడు. నేను దిగి వచ్చి చూసేసరికి వెనకవైపు రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. కుడివైపు నేనున్నాను. ఎడమవైపు గీత కూడా సరిగ్గా నాలాగే వంగి ఉంది.

భయపడ్డానా అని అడగొచ్చు. మొదట నాకొచ్చిన ఆలోచన, రెండు కొలతలు ఇంత బాగా కలవడం మా ఆఫీసులో ఎప్పుడూ చూడలేదే అని. భయం తర్వాత వచ్చింది, బైకు మీద ఇంటికి పోతుంటే, సిగ్నల్ దగ్గర. అప్పటికి గ్రీన్ పడింది కాబట్టి ఎక్కువసేపు భయపడే వీలు దొరకలేదు.

మూడో వారం చెక్క వచ్చింది. అట్ట నమూనా సిద్ధంగా ఉంది. ఖలీల్ భాయ్ మాత్రం రంపం ముట్టలేదు. ఆ సీట్లో ఎవరు కూర్చునేవారని అడిగాడు. చెప్పాను. అత్తమ్మ, ఎడమవైపే, దిండు పెట్టుకుని, తల అద్దానికి ఆనించి. ఆయన చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు.

"మెషీన్ ఖరాబైందని చెప్పు, ఇప్పుడే కోస్తా. మంచిగుందని నువ్వే అంటివి. మనిషి కూసున్న జాగాల నేను డబ్బా పెట్టను భాయ్. పోయి మీ మామను అడుగు."

ఇరవై ఆరేళ్లుగా ఏ మనిషి మాటకూ నేను ఇంత ఇరుకున పడలేదు. మైకు తప్పు కాదని నిరూపించింది నేనే.

ఆదివారం మామ వచ్చాడు. పెరుగన్నం దాకా ఆగి, మొత్తం చెప్పేశాను. సీటు తీయించిన సంగతి, అడక్కుండా తీయించిన సంగతి, గీత సంగతి. అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నేను ఆయన ముఖం చూడకుండా కంచంలో ఊరగాయ ముక్కను అటూ ఇటూ జరుపుతున్నాను.

"వెనక, ఎడమ దిక్కు," అన్నాడు మామ. నన్ను అడుగుతున్నాడో తనకు తను చెప్పుకుంటున్నాడో తెలియలేదు. తింటున్నది పూర్తి చేసి, చేయి కడుక్కుని, శుక్రవారం తనూ వస్తానన్నాడు. నీ బండి, నీ ఇష్టం అనలేదు. అది మంచికో చెడుకో ఆ ఐదు రోజులూ నాకు అంతుపట్టలేదు.

శుక్రవారం మామ ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆటోలో దిగాడు. గోడకు ఆనించిన సీటు దగ్గర ఆగి, ఎడమవైపు గుంట పడిన చోట అరచేత్తో ఒకసారి నొక్కి చూశాడు. ఖలీల్ భాయ్ ల్యాప్‌టాప్ తిప్పి గీతలు చూపించాడు. మామ కళ్లజోడు సవరించుకున్నాడు.

"ఎక్స్ మీద ఏం తీసుకున్నవ్? వై మీద ఏం తీసుకున్నవ్? యూనిట్లు రాయకుంటే సగం మార్కులు పోతయిరా."

చెప్పాను. అర్థం చేసుకున్నాడు. నా వయసువాళ్లకు చెప్పినదానికంటే తొందరగానే అర్థమైంది ఆయనకు. ఇంకోసారి కొలవమన్నాడు. కొలిచాం. గీత వంగింది.

అప్పుడాయన వెళ్లి డ్రైవర్ సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు. సీటు ముందుకు జరుపుకున్నాడు. అద్దం సర్దాడు. ఆయన అద్దం ఎప్పుడూ వెనక వచ్చే బండ్లు కనబడేలా ఉండేది కాదు, వెనక సీటు కనబడేలా ఉండేది. కారు నాకిచ్చిన రోజున నేను చేసిన మొదటి పని దాన్ని సరిచేయడమే. ఇప్పుడాయన మళ్లీ తన పద్ధతిలోకి తిప్పుకున్నాడు. రెండు మూడు నిమిషాలు అలాగే ఉన్నాడు. పెదాలు కదిలాయో లేదో నేను చూడలేదు. ఖలీల్ భాయ్ నేల చూస్తున్నాడు. నేను ఫోన్ చూస్తున్నట్టు నటించాను. ఫోన్ ఆఫ్‌లో ఉంది.

మామ దిగి, కారు ముందు నుంచి చుట్టూ తిరిగి వచ్చి, వెనక ఎడమ తలుపు తీశాడు. ఎడమచేత్తో తలుపు పట్టుకున్నాడు. కుడిచేయి లోపలికి చాచాడు, ఎవరి మోచేతినో కింద నుంచి పట్టుకోవడానికన్నట్టు. రెండేళ్లు మా బాల్కనీ నుంచి నేను చూసిన నిలబడటమే అది.

"వచ్చినం. మెల్లగ దిగు."

గొంతులో ఏ విశేషమూ లేదు. ఇంటిముందు కారాపిన ప్రతిసారీ ఆయన అనే మాటే. చివరిసారి మాత్రం అనే పని పడలేదు. ఆసుపత్రి మెట్ల దగ్గర అక్కడివాళ్లే వచ్చి ఆమెను స్ట్రెచర్ మీదికి తీసుకున్నారు. సాయంత్రం కారు ఆయనొక్కడితో తిరిగొచ్చింది.

నిదానంగా దిగే మనిషికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగి, ఒక అడుగు వెనక్కి వేసి, తలుపును విసరకుండా నెట్టి మూశాడు.

"ఇప్పుడు చూడుండ్రి," అన్నాడు.

ఖలీల్ భాయ్ మీట నొక్కాడు. హోరు మొదలైంది, ఆగింది. వెనక ఎడమ గీత, వెనక కుడి గీతలాగే తిన్నగా ఉంది. మళ్లీ కొలిచాం. నా మైకుతో ఒకసారి, ఆయన మైకుతో ఒకసారి. ఖాళీ కారు. ఫైళ్లన్నీ నా దగ్గరున్నాయి, తేదీలతో సహా.

నేను వెతకని కారణం లేదు. ఎండ తగ్గిందేమో. తగ్గలేదు. ఏదో రేకు సర్దుకుందేమో. తలుపు తీసి మూయడమే కారణమైతే, ఆ మూడు వారాల్లో ఆ తలుపు మేం ఎన్నిసార్లు తీశామో లెక్కలేదు. సీటు బయటికొచ్చిందే అందులోంచి. మా ఆఫీసులో ఒక సీనియర్‌కు మనుషుల పేర్లు లేకుండా గీతలు మాత్రం చూపించాను. మొదటి వాటిలో లోపల ఎవరో ఉన్నారు, తర్వాతవాటిలో లేరు, ఇందులో అడగడానికేముందన్నాడు.

మామ నావైపు తిరిగి, "పెట్టుకో నీ డబ్బా. సౌండ్ జెర తక్కువ పెట్టు, గల్లీల ముసలోళ్లున్నరు," అన్నాడు.

పెట్టె వచ్చే వారానికి బిగించారు. బాగా మోగుతుంది. బాస్ కొంచెం ఎక్కువైందని ఖలీల్ భాయే ఒప్పుకున్నాడు. మామ ఆ ఆదివారం భోజనానికి వచ్చాడు. తర్వాతి ఆదివారమూ వచ్చాడు. పప్పులో ఉప్పు తక్కువైందన్నాడు. అమ్మ ఆ మాటకు కళ్లు తుడుచుకోవడం కొంచెం అతి అనిపించింది.

ఆ గీత ఎందుకు వంగిందో, ఎందుకు తిన్నగా అయిందో నాకు తెలియదు. నా ఉద్యోగంలో తెలియదు అని రాయడానికి ఫారంలో గడి ఉండదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఇంకొక్కటి ఉంది. దాన్ని సాక్ష్యంగా లెక్కేయడం లేదు, ఎందుకంటే ఆయన వచ్చేటప్పుడు ఆటోలో ఎలా కూర్చుని వచ్చాడో నేను చూడలేదు. కొలత ముందుదీ తర్వాతదీ రెండూ ఉండాలి. నా దగ్గర తర్వాతది మాత్రమే ఉంది. ఆ శుక్రవారం కొలతలయ్యాక మామ కోసం సందు మొదట్లో ఆటో పిలిచాను. ఎవరైనా ఒక్కరే ఆటో ఎక్కితే నడిమధ్యలో కూర్చుంటారు. మామ ఎక్కి, కుడివైపు చివరిదాకా జరిగి, ఎడమ పక్క జాగా వదిలి, ఒక క్షణం ఆగి, అప్పుడు డ్రైవర్‌తో పోదామన్నాడు.